కలుపా? కూరా? – చెల్క భూముల చరిత్ర, ఆహార భద్రత, దళితులు

"ఆహార భద్రత" అనే మాట వయసు పెద్దదేం కాదు. 1974లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు తర్వాతే అది ప్రభుత్వాల నోళ్ళలో నానింది. అప్పటినుంచి మన పాలకులకు దాని అర్థం దాదాపు ఒక్కటే: గోదాముల్లో ఎన్ని టన్నుల బియ్యం ఉంది, ఎన్ని టన్నుల గోధుమలు ఉన్నాయి. గోదాము నిండితే దేశం భద్రంగా ఉన్నట్టు, ఖాళీ అయితే ప్రమాదంలో పడ్డట్టు. ఆ గింజ ఏ నేలలో పండింది, అంతకుముందు ఆ నేలలో ఏం పండేది, ఆ నేల ఎవరి పేరు మీద ఉంది, ఆ చేలో కలుపు తీసిన మనిషి ఇంట్లో ఆ పూట పొయ్యి మీద ఏం ఉడికింది అనే ప్రశ్నలకు ఆ లెక్కలో చోటు లేదు.

పర్యావరణవాదులు ఈ లెక్కను చాలాకాలం నుంచే తప్పుపడుతున్నారు. పాత పంటలు పోయాయి, పాత విత్తనాలు పోయాయి, నేల చచ్చిపోయింది అంటున్నారు. అందులో నిజం ఉంది, కాదనేది లేదు. కాని వాళ్ళు రాసే చరిత్రలో ఊరే ఉంటుంది గాని వాడ ఉండదు. హరిత విప్లవానికి ముందు ఊళ్ళో అందరూ కలిసి పండించుకొని, కలిసి తిన్నట్టు రాస్తారు. దళితుల వైపు నుంచి చూస్తే అట్లాంటి స్వర్ణయుగం ఎన్నడూ లేదు. మరి అట్లాగని నేల సంగతి, పంటల సంగతి మనకు పట్టని విషయమా? కాదు. మన వాళ్ళ తిండి ఎట్లా పోయింది, ఎవరు తీసుకుపోయారు అనే చరిత్ర నేల చరిత్ర నుంచి విడదీసి రాయలేం. ఈ వ్యాసంలో తెలంగాణ చెల్క భూములను, అందులోనూ ముఖ్యంగా జహీరాబాద్ ప్రాంతాన్ని తీసుకొని ఆ ముడిని విప్పే ప్రయత్నం చేస్తాను.

జహీరాబాద్ ఒకప్పుడు నిజాం రాజ్యంలో బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలో కలిసింది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. కన్నడ, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ వినబడే మెట్ట ప్రాంతం. కొన్నిచోట్ల నల్లరేగడి, చాలాచోట్ల ఎర్ర గరప నేల, రాతి నేల. కాలువ లేదు. వానాకాలంలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు వేస్తే వాటి సాళ్ళ మధ్య కంది, పెసర, మినుము, అనుము, పుంటికూర, నువ్వులు. చలికాలంలో రేగడిలో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె. వాన లేకున్నా నేలలో దాగిన తడి మీద, మంచు మీద వచ్చే పంటలు. ఒక ఎకరంలో పది పన్నెండు రకాలు కలిపి వేయడం అక్కడి పేద రైతులకు కొత్త సంగతి కాదు.

ఈ కలగలుపులో ఒక తర్కం ఉంది. జొన్న వేరు పైపొరలో తిరుగుతుంది, కంది వేరు లోతుకు పోతుంది. ఒకటి తాగిన నీళ్ళు మరొకటి తాగదు. కంది, పెసర, అనుము గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తాయి. దాంతో జొన్నకు బలం. వాన ముందు వచ్చి వెనక ఎగ్గొడితే పెసర దక్కుతుంది, ముందు ఎగ్గొట్టి వెనక వస్తే కంది దక్కుతుంది. అన్నీ పోయే ఏడు చాలా అరుదు. ఇంకోటి, నాటు జొన్న సొప్ప మనిషిని మించిన ఎత్తు పెరిగేది. గింజ మనిషికి, సొప్ప పశువుకు, పశువు పేడ నేలకు. పశువు చచ్చాక తోలు మాదిగల చేతికి వచ్చి మోట బొక్కెన అయ్యేది, వారు అయ్యేది, చెప్పు అయ్యేది. మాంసం ఎండబెట్టి వాననాళ్ళకు దాచుకునేవాళ్ళు. వ్యవసాయ శాస్త్రం పుస్తకాల్లో ఈ చక్రం పేడ దగ్గర ఆగిపోతుంది. తోలు దగ్గరికి, ఎండు మాంసం దగ్గరికి రాదు. వ్యవసాయం నడవడానికి మాదిగ పని ఎంత అవసరమో ఆ పని చేసేవాణ్ణి అంత దూరం పెట్టిన సమాజం, ఆ పనిని శాస్త్రంలో కూడా దూరంగానే పెట్టింది.

చేలో ఇంత వైవిధ్యం ఉండేది. మరి అది దళితుల కంచంలోకి వచ్చిందా? ఇక్కడే మన చరిత్ర వాళ్ళ చరిత్ర నుంచి వేరుపడుతుంది.

జీతగాడికి జీతం గింజల్లో కొలిచేవాళ్ళు. ఏ గింజ? జొన్న. కూలికి మానికలతో, సోలలతో పోసింది కూడా జొన్నే. కంది దొర ఇంటికి, నువ్వులు గానుగకు, శనగ షావుకారు కొట్టుకు పోయేవి. కూలోళ్ళ ఇంట్లో గటుక, అంబలి, ఉంటే రొట్టె. దాని ఫలితం వైద్య చరిత్రలో నమోదై ఉంది. 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య జొన్నే తిని బతికే పేదల్లో పెల్లగ్రా వ్యాధి ఉందని ప్రపంచానికి చెప్పారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. అంతకుముందు అది మక్కజొన్న తినే వాళ్ళ జబ్బనే అనుకునేవాళ్ళు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండడం కారణమని వాళ్ళు వాదించారు. ఆ తర్వాత దానిమీద శాస్త్రవేత్తల్లో చాలా చర్చ జరిగింది.

నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర విద్యార్థిగా నాకు కనబడేది వేరే. ఆ జబ్బు జొన్న పండించి, జొన్నతో పాటు పప్పు, పాలు, నూనె తిన్న కాపు ఇళ్ళ జబ్బు కాదు. జొన్న మాత్రమే తిన్నవాళ్ళ జబ్బు. కంది మొక్క జొన్న పక్కనే పెరిగింది. కూలోడి కంచంలో మాత్రం జొన్న పక్కన కంది లేదు. చేలో పంటల కలగలుపును కంచంలో విడదీసింది కులం, భూమి. కాబట్టి సిరిధాన్యాలు తింటే చాలు ఆరోగ్యం అని ఇవ్వాళ పట్నంలో ఉపన్యాసాలిచ్చే వాళ్ళు ఈ చరిత్ర కొంచెం చదువుకుంటే మంచిది.

గింజను రాజ్యం ఎట్లా చూసిందనేది ఇంకో కథ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, బెంగాల్‌లో 1943 కరువులో లక్షల మంది చస్తున్నప్పుడే, నిజాం ప్రభుత్వం లెవీ గల్లా వసూలు మొదలుపెట్టింది. పట్నాల తిండి కోసం పల్లెల్లో బలవంతంగా గింజలు సేకరించడం. దేశ్‌ముఖులు, పటేలు పట్వారీలు తమ గింజ దాచుకొని, చిన్న రైతు గాదె ఊడ్చారు. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టితో పాటు లెవీ కూడా ఒక ముఖ్యమైన కారణం. "దేశానికి తిండి" అనే పేరు మీద గింజ కిందినుంచి పైకి పోవడం అనే పద్ధతికి మన దగ్గర అది మొదటి పాఠం అనొచ్చు.

1965, 1966 కరువు ఏళ్ళలో దేశం అమెరికా గోధుమల మీద ఆధారపడింది. ఒక్క 1966లోనే కోటి టన్నుల పైచిలుకు గింజలు దిగుమతి అయ్యాయి. 1965లోనే ఆహార సంస్థ, అదే ఏడు వ్యవసాయ ధరల సంఘం పుట్టాయి. 1966 నుంచి అధిక దిగుబడి విత్తనాలు వచ్చాయి. దిగుమతి తగ్గాలి అన్న లక్ష్యాన్ని తప్పుపట్టలేం. కాని ఆ లక్ష్యం కోసం ఎంచుకున్న నేల ఏది? కాలువ ఉన్న నేల. ఎంచుకున్న గింజలు ఏవి? రెండే: వరి, గోధుమ. మద్దతు ధర కాయితం మీద జొన్నకు కూడా ఉంది; కొనే కాంటా మాత్రం వరి, గోధుమ దగ్గరే పెట్టారు. ఎరువు సబ్సిడీ, కరెంటు, బ్యాంకు అప్పు, పరిశోధన అన్నీ నీళ్ళు ఉన్న చోటికే పోయాయి. నీళ్ళున్న భూమి మాల మాదిగలకు ఎక్కడిది?

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆ మిగులు ఒక కొత్త ధనిక వర్గాన్ని తయారుచేసింది. ఆ వర్గం వరి మిల్లుల్లోకి, సినిమాల్లోకి, రాజకీయాల్లోకి పోయింది. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర అన్నది మరవకూడదు. 1991లో చుండూరు. ఇవి కేవలం కులద్వేషం కథలే కావు. ఎవరి నేలకు నీళ్ళు, ఎవరి కడవకు నీళ్ళు అనే ప్రశ్న కూడా వాటి వెనక ఉంది.

మెట్టలో జరిగింది నెమ్మదిగా జరిగింది గనక ఎవరూ పెద్దగా రాయలేదు. 1964లో జొన్నలో మొదటి సంకర విత్తనం సి.ఎస్.హెచ్.-1 విడుదలైంది. గింజ ఎక్కువ, కాడ పొట్టి. సొప్ప తగ్గింది. సొప్ప తగ్గితే పశువు తగ్గింది, పశువు తగ్గితే పేడ తగ్గింది, పేడ తగ్గితే సంచి ఎరువు. సంకర విత్తనం వేసిన చేలో కలగలుపుకు చోటు లేదు. ఆ తర్వాత చెరకు, పత్తి వచ్చాయి. దేశం మొత్తం మీద 1965-66లో సుమారు 3.7 కోట్ల హెక్టార్లలో ఉన్న జొన్న, సజ్జ, రాగి వంటి పంటలు అర్ధశతాబ్దం తిరిగేసరికి కోటిన్నర హెక్టార్ల లోపుకు కుంచించుకుపోయాయి.

ఇంతలో 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం తెచ్చింది. ఈ పథకం మీద పర్యావరణవాదులకు, దళితులకు ఏకాభిప్రాయం లేదు, ఉండదు కూడా. మెట్ట పంటలను చంపింది రెండు రూపాయల బియ్యమే అని వాళ్ళంటారు. కొంతవరకు నిజమే. కిలో జొన్న పండించే ఖర్చు కన్నా తక్కువకు బియ్యం దొరుకుతుంటే రాతి చెలక దున్నేది ఎవరు? చాలా మంది పేదల భూములు పడావు పడ్డాయి. కాని ఇంకో సంగతి ఉంది. అప్పటిదాకా వరి బువ్వ అంటే మన వాడల్లో పండుగ. పెళ్ళికి, దసరాకు, లేదా దొర ఇంట్లో తద్దినం పెడితే మిగిలింది. మిగతా రోజుల్లో గటుక. గటుక తినేటోడు అన్నది తిట్టు. రోజూ తెల్లబువ్వ తినడం మన పిల్లలకు అప్పుడే మొదలైంది. జీతం ఉన్న ఇంటి ముందు గింజల కోసం చేయి చాచకుండా, డబ్బు పెట్టి దుకాణంలో కొనుక్కునే వీలు వచ్చింది. ఆకలి రోజుల్లో అప్పు గింజల కోసం పిల్లాణ్ణి జీతానికి పెట్టడం కొంతైనా తగ్గిందంటే ఆ బియ్యం పాత్ర ఉంది. 1992లో ఆ ధర మూడున్నర రూపాయలైంది, 1994లో మళ్ళీ రెండు, 1996లో మళ్ళీ మూడున్నర. ఈ ఎక్కుడు దిగుడు ప్రతిసారీ వాడల్లో ఎంత చర్చ అయిందో ఆ కాలంలో పెరిగిన వాళ్ళకు చెప్పనక్కరలేదు. కాబట్టి బియ్యం పథకాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం కడుపు నిండిన వాళ్ళు చేసే పని అని నా అభిప్రాయం. అడగాల్సిన ప్రశ్న వేరే: బియ్యం ఇచ్చిన రాజ్యం భూమి ఎందుకు ఇవ్వలేదు? ఇచ్చినచోట ఎట్లాంటి భూమి ఇచ్చింది?

1973 భూసంస్కరణల చట్టం కింద మిగులుగా తేలినవి, ప్రభుత్వ పోరంబోకులు కలిపి దళితులకు ఇచ్చిన అసైన్డ్ భూములు చాలావరకు రాళ్ళు, గుట్ట వాలులు, చవిటి. భూస్వాములు వదులుకున్నవి అవే. 1977 చట్టం ఆ భూముల అమ్మకాన్ని నిషేధించింది, అది అవసరమే. కాని ఎడ్లు లేని, విత్తనం లేని, అప్పు పుట్టని మనిషికి రాతి చెలక పట్టా కాయితం ఇచ్చి, పక్కన రెండు రూపాయల బియ్యం పెడితే ఆ భూమి పడావు పడక ఏమవుతుంది? తర్వాత అధికారులే వచ్చి "మీరు సాగు చేయడం లేదు" అంటారు.

ఇక కలుపు సంగతి. వ్యవసాయ శాఖ పుస్తకంలో కలుపు అంటే పంటకు శత్రువు. కలుపు తీసేది ఎవరు? నూటికి తొంభై పాళ్ళు మన ఆడవాళ్ళు. వాళ్ళకు ఆ చేలో మొలిచేవన్నీ కలుపు కాదు. తుమ్మికూర, దొగ్గలికూర, పొన్నగంటి, గునుగు, పాయలకూర, అత్తిలి, ఎలుకచెవి, జొన్న చెంచలి. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్ళు పెట్టరు. వానపడ్డ పది పదిహేను రోజులకు చేలో వస్తాయి. అప్పటికి ఇంట్లో పప్పు అయిపోయి ఉంటుంది, చేతిలో కూలి డబ్బు ఉండదు. మా అమ్మ కలుపుకు పోతే రెండు కుప్పలు వేసేది, ఒకటి గట్టు మీదికి, ఒకటి కొంగులోకి. కొంగులోకి పోయిందే ఆ రాత్రి కూర. ఇనుము, సున్నం, విటమిన్లు ఈ ఆకుల్లో మెండుగా ఉంటాయని ఇప్పుడు పోషకాహార శాస్త్రం చెబుతోంది. జహీరాబాద్ దళిత స్త్రీలు ఎనభై రకాల దాకా ఇట్లాంటి కూరలను గుర్తుపట్టి పేర్లు చెప్పగలిగారు.

ఈ కూర మీద హక్కు ఎవరిది అన్నది ఎక్కడా రాసి లేదు. భూమి దొరది, పంట దొరది, కలుపు మాత్రం తీసినవాళ్ళది. ఊరి ఆస్తి సంబంధాల్లో దళిత స్త్రీకి దక్కిన ఏకైక వాటా అదేనేమో. కలుపు మందు వచ్చాక ఆ వాటా పోయింది. కూలి రోజులూ పోయాయి, కూరా పోయింది. ఒకే మందుతో రెండు దెబ్బలు. ఎకరాకు కలుపు మందు ఎంత ఖర్చు మిగిల్చిందని రైతు లెక్క వేసుకుంటాడు, ప్రభుత్వం దిగుబడి లెక్క వేస్తుంది. కొంగులోంచి జారిపోయిన కూర ఏ లెక్కలోనూ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. బియ్యం గోదాముల రాష్ట్రంలో ఈ అంకె. కలుపు మందు ఒక్కటే కారణం అనను. కాని ఈ రెండూ ఒకే చరిత్రలోవి.

జహీరాబాద్‌లో ఈ కథకు ఒక ఎదురు మలుపు వచ్చింది. 1983లో, అంటే రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడే, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలైంది. పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు, 2023లో చనిపోయారు. ఊరూరా ఆడవాళ్ళ సంఘాలు, సభ్యుల్లో ఎక్కువమంది మాదిగ, మాల స్త్రీలు. 1990ల మధ్యలో వీళ్ళు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ డబ్బుతో ఒక ప్రయోగం చేశారు. ముప్పై పైచిలుకు ఊళ్ళలో పడావు పడ్డ పేదల భూములు రెండున్నర వేల ఎకరాల దాకా దున్నించారు. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి ఇచ్చిన డబ్బును రైతులు డబ్బుగా కాకుండా జొన్నగా, కొన్నేళ్ళలో తిరిగి కట్టాలి. ఆ జొన్న ఊళ్ళోనే గాదెల్లో నిల్వ ఉంటుంది. ఆకలి నెలల్లో తక్కువ ధరకు పేదలకే అమ్ముతారు. ఎవరు ఎంత పేద అన్నది తహసీల్దారు కాదు, సంఘం ఆడవాళ్ళు కూర్చొని తేల్చారు. ఎక్కువ పేదకు ఎక్కువ గింజ.

ఇందులో నాకు ముఖ్యంగా కనబడేది జొన్న కాదు. గింజ కిందినుంచి పైకి పోయి, మళ్ళీ దయగా కిందికి రావడం అనే లెవీ కాలం నాటి దారి ఇక్కడ తెగింది. పండిన ఊళ్ళోనే దాచి, పండించినవాళ్ళే పంచుకున్నారు. చేలో ఉన్న కలగలుపు కంచంలోకి వచ్చింది, ఎందుకంటే కంది కూడా ఇప్పుడు ఆ ఇంటిదే. పెల్లగ్రా రోజుల జొన్నకూ ఈ జొన్నకూ తేడా గింజలో లేదు, భూమి ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది. ఎస్సీ కార్పొరేషన్ భూమి కొనుగోలు పథకం వంటివి వాడుకొని కొందరు స్త్రీలు తమ పేరు మీద భూమి తెచ్చుకున్నారు కూడా.

అట్లాగని దీన్ని నెత్తిన పెట్టుకొని ఊరేగలేం. స్వచ్ఛంద సంస్థ డబ్బు మీద నడిచే పనికి ఉండే పరిమితులన్నీ దీనికీ ఉన్నాయి. డెబ్బై అయిదు ఊళ్ళు ఒక రాష్ట్రం కావు. భూస్వామి పొలం జోలికి అది పోలేదు. పేదలకు మిగిలిన బీడును బాగుచేసింది. మంచి భూమి పంపకం అనే పాత డిమాండుకు అది ప్రత్యామ్నాయం కాదు. అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాల మీద రాస్తూ, అసలు సమస్య కమతం సైజు కాదు, నేల మీద పెట్టే పెట్టుబడి లేకపోవడం, నేల మీద ఆధారపడ్డ జనం ఎక్కువ కావడం అన్నాడు. 1947లో వ్యవసాయ భూమి రాజ్యం ఆధీనంలో ఉండాలని, కులమత భేదం లేకుండా సామూహిక సాగుకు ఇవ్వాలని ప్రతిపాదించాడు. పల్లె స్వావలంబన అనే మాట వినగానే చాలామంది దళిత చదువరులకు అనుమానం రావడానికి ఆయన నేర్పిన జాగ్రత్తే కారణం. ఆ అనుమానం ఉండాలి.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యం మూడు రూపాయలకు, గోధుమ రెండుకు, ముతక ధాన్యాలు రూపాయికి ఇవ్వాలంది. "ముతక" అనే మాట చూడండి. గింజకు కూడా కులం పెట్టారు. ఆ రూపాయి జొన్న తెలంగాణ రేషన్ దుకాణంలో మామూలుగా దొరికింది లేదు. 2023 జనవరి నుంచి ఈ చట్టం కింద గింజలు ఉచితం అయ్యాయి. అదే 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అప్పటికే పట్నం దుకాణాల్లో కొర్రలు, సామలు అందమైన పొట్లాల్లో, సన్న బియ్యం కన్నా ఎక్కువ ధరకు వచ్చేశాయి. మనల్ని గటుక తినేటోళ్ళని వెక్కిరించిన ఇళ్ళలోనే ఇప్పుడు షుగరు కోసం గటుక కాస్తున్నారు.

మరోవైపు తెలంగాణ వడ్ల సముద్రమైంది. 2014-15లో ప్రభుత్వం కొన్నది సుమారు 24 లక్షల టన్నుల వడ్లు, 2020-21లో 141 లక్షల టన్నులు. బోర్లు, ఎత్తిపోతలు, ఉచిత కరెంటు. కిలో బియ్యానికి వేల లీటర్ల నీళ్ళు. 2021 వచ్చేసరికి ఉప్పుడు బియ్యం ఇక కొనేది లేదని కేంద్రం, అయితే యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్రం. అర్ధశతాబ్దం పాటు వరి వేయమని చెప్పిన రాజ్యమే రాత్రికి రాత్రి వద్దంది. వేరే పంట వేయాలంటే విత్తనం ఏది, పశువు ఏది, కొనేవాడు ఎవడు?

జహీరాబాద్ చెల్కల్లోనే, న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కోసం 12,600 ఎకరాల పైన భూమి సేకరించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఏ భూమి? ఏకంగా పది పన్నెండు పంటలు పండే భూమి. అందులో దళితుల అసైన్డ్ భూములు చాలా ఉన్నాయి. సేకరణలో పట్టా భూమికి ఒక ధర, అసైన్డ్ భూమికి దానికంటే తక్కువ ధర కట్టారు. రాళ్ళేరి, గట్లు పోసి, పేడ తోలి, బీడును చేనుగా మార్చింది ఎవరన్నది ఆ ధరలో లేదు. భూమి పోయినవాళ్ళలో కూలికి పోయేవాళ్ళు పక్క ఊళ్ళ చేలకు పోతారు. అక్కడ కలుపు మందు కొడుతున్నారు.